మొబైల్ నెంబర్ పోర్టబిలిటీ: పాత కంపెనీ చేతిలో ఎంత మిగిలింది?

ఫోను కంపెనీ మారినా పాత నెంబరునే ఉంచుకునే వీలును మొబైల్ నెంబర్ పోర్టబిలిటీ అంటారు. మన దేశంలో ఇది 2011 జనవరి 20 నుంచి టెలికాం సేవల కోసం విభజించిన అన్ని సర్కిళ్లలోనూ అమల్లో ఉంది. జనం దీన్ని ‘పోర్ట్ పెట్టడం’ అంటారు. పరిచయ వ్యాసాల్లో దీన్ని ఒక సాంకేతిక సదుపాయంగా చెప్పి ఊరుకోవడం రివాజు. కానీ ఇందుకు కావలసిన సాంకేతికత 1990 దశకం మొదట్లోనే ఉంది. ఆ తర్వాత దేశదేశాల్లో జరిగిన తగువంతా వేరే విషయం మీద: వెళ్లిపోతున్న వినియోగదారుడి నెంబరును వదిలే పని ఎవరి చేతిలో ఉండాలి, ఎంత సేపట్లో పూర్తి కావాలి, అడ్డు చెప్పే అధికారం ఎవరికి ఉండాలి? దాదాపు ప్రతి దేశంలోనూ చట్టం ముందు వచ్చింది, వినియోగదారుడికి దాని ఫలితం మాత్రం తర్వాతెప్పుడో అందింది. ఈ రెండింటి మధ్య కాలంలో జరిగినది గమనిస్తే ఒక సంగతి స్పష్టపడుతుంది. వినియోగదారుణ్ని పోగొట్టుకునే కంపెనీకి ఈ ప్రక్రియలో ఎంత పని మిగిలిస్తే, ఆ హక్కు అంత పలచబడుతుంది.

నెంబరు కంపెనీకి అతుక్కుపోవడానికి మూలం ఎక్స్ఛేంజీ పనితీరులో ఉంది. కాల్ రాగానే ఎక్స్ఛేంజీ మొదటి నాలుగైదు అంకెలు చదివి, అది ఏ కంపెనీదో, ఏ సర్కిల్‌దో తేల్చుకుని అటు పంపించేది. అంకెల్లోనే చిరునామా ఉంది కాబట్టి వేరే చోట వెతకాల్సిన పని లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో ఫోను వాడినవాళ్లకు ఈ అంకెలు కంఠతా వచ్చు. 9848 అంటే ఐడియా, 9849 అంటే ఎయిర్‌టెల్, 9440 అంటే బీఎస్ఎన్ఎల్, 9885 అంటే హచ్, 9246 అంటే టాటా ఇండికామ్. నెంబరు చూడగానే అవతలి మనిషి ఏ కంపెనీవాడో, తన ఫోన్ నుంచి చేస్తే ఎంత ఖర్చవుతుందో లెక్క వేసుకునేవాళ్లు. ఈ అలవాటు వల్ల నెంబరు కంపెనీ సొత్తేనన్న భావన కూడా పాతుకుపోయింది. న్యాయంగా చూస్తే అది ఎన్నడూ కంపెనీది కాదు. 2003 నాటి జాతీయ నెంబరింగ్ ప్రణాళిక ప్రకారం నెంబర్లు పరిమితమైన జాతీయ వనరు. ప్రభుత్వం వాటిని బ్లాకులుగా కంపెనీలకు కేటాయిస్తుంది, కంపెనీ వాటిని వినియోగదారులకు వాడుకోనిస్తుంది. వినియోగదారుడూ వాటి యజమాని కాడు. ఇద్దరూ వాడకందార్లే అయినప్పుడు, నెంబరు మీద తన పెత్తనం సహజమైనదని పాత కంపెనీ చెప్పుకోవడానికి ఆధారం లేదు. ఆ అంకెలకు అంటుకున్న విలువ కూడా వినియోగదారుడు కూడబెట్టినదే. దుకాణం బోర్డు మీద, పెళ్లి శుభలేఖ మీద, బ్యాంకు ఖాతాలో ఆ నెంబరు రాసుకున్నది అతనే గదా!

పోర్టబిలిటీ వచ్చాక అంకెలకూ చిరునామాకూ ఉన్న ముడి విడిపోయింది. పోర్ట్ అయిన ప్రతి నెంబరుకూ అది ఇప్పుడు ఏ కంపెనీలో ఉందో సూచించే ఒక దారి సంకేతాన్ని కేంద్ర డేటాబేస్‌లో రాసి ఉంచుతారు. భారతదేశం ఎంచుకున్న పద్ధతిలో, కాల్ మొదలయ్యే కంపెనీయే ముందుగా ఆ సమాచారాన్ని చూసుకుని, కాల్‌ను నేరుగా కొత్త కంపెనీకి పంపాలి. పాత కంపెనీకి ఆ కాల్ సంగతే తెలియదు. బ్రిటన్ 1999లో ఇందుకు భిన్నమైన దారి పట్టింది. అక్కడ కాల్ మొదట నెంబరు అసలు కేటాయించిన కంపెనీకి వెళ్తుంది, ఆ కంపెనీ దాన్ని కొత్త కంపెనీకి మళ్లిస్తుంది. అంటే వినియోగదారుడు ఏళ్ల కిందట వదిలేసిన కంపెనీ కూడా అతని ప్రతి కాల్ దారిలోనూ కాపలా కాస్తూనే ఉంటుంది. దీన్ని మార్చాలని నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2007లో నిర్ణయించింది. కేంద్ర డేటాబేస్ పెట్టాలని, పోర్టింగ్ పనిని కొత్త కంపెనీకే అప్పగించి రెండు గంటల్లో ముగించాలని ఆదేశించింది. వొడాఫోన్ అప్పీలుకు వెళ్లింది, 2008లో పోటీ వ్యవహారాల ట్రిబ్యునల్ ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఖర్చుకు తగిన ప్రయోజనం ఉందా లేదా అన్న లెక్క సరిగా తేల్చలేదన్నది అక్కడ తగువు. సాంకేతిక పద్ధతి ఎంపిక అనేది ఇంజనీర్లకే వదిలేయగల విషయం కాదని ఈ ఒక్క కేసు చాలు చెప్పడానికి.

మొబైల్ కంటే ముందు ఈ ఆలోచన అమెరికాలో టోల్‌ఫ్రీ నెంబర్లతో మొదలైంది. 800తో మొదలయ్యే నెంబర్లను ప్రకటనల్లో వేసుకుని వ్యాపారం చేసే సంస్థలు, రేటు ఎంత ఎక్కువైనా ఏటీ అండ్ టీని వదల్లేకపోయేవి. 1993 మే నుంచి ఆ నెంబర్లను వేరే కంపెనీకి తీసుకుపోయే వీలు కలిగింది. 1996 టెలికాం చట్టం ఈ సూత్రాన్ని స్థానిక ఫోన్ కంపెనీలన్నిటికీ వర్తింపజేసింది, అదే ఏడాది ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ మొబైల్ కంపెనీలనూ ఆ పరిధిలోకి తెచ్చి 1999 జూన్‌ను గడువుగా పెట్టింది. అయితే మొబైల్ కంపెనీలు వాయిదా మీద వాయిదా సంపాదించాయి, కోర్టుకు కూడా వెళ్లాయి. చివరికి 2003 నవంబర్ 24న పెద్ద నగరాల్లో, 2004 మేలో మిగతా చోట్ల అది అమలైంది. ఈలోగా సింగపూర్ 1997లోనే మొబైల్ నెంబర్లకు ఒక ప్రాథమిక రూపంలో ఈ వీలు కల్పించింది. హాంకాంగ్ 1999లో, ఆస్ట్రేలియా 2001లో అమలు చేశాయి. ఐరోపా సమాఖ్య తన సభ్య దేశాలన్నిటికీ 2003ను గడువుగా పెట్టింది, 2009 సవరణతో ఒక్క పనిదినంలో పోర్టింగ్ ముగియాలని బిగించింది. దక్షిణాసియాలో మొదట అడుగు వేసింది పాకిస్తాన్, 2007 మార్చిలో.

వీటన్నిటిలో దక్షిణ కొరియా అమలు చేసిన తీరు విడిగా చెప్పుకోదగ్గది. అక్కడ సగానికి పైగా మార్కెట్ ఎస్‌కే టెలికాం చేతిలో ఉండేది. దాని నెంబర్లు 011తో మొదలయ్యేవి, ఆ మూడంకెలే హోదాకు గుర్తుగా చెలామణి అయ్యాయి. కొరియా ప్రభుత్వం మూడు కంపెనీలకూ ఒకేసారి తలుపులు తెరవలేదు. 2004 జనవరిలో ఎస్‌కే టెలికాం వినియోగదారులు మాత్రమే బయటికి వెళ్లవచ్చంది. ఆరు నెలల తర్వాత రెండో కంపెనీ కేటీఎఫ్ వాళ్లకు, 2005 జనవరిలో మూడోదైన ఎల్‌జీ టెలికాం వాళ్లకు ఆ వీలు ఇచ్చింది. అందరికన్నా పెద్దవాడు ముందు వదలాలి, చిన్నవాడు చివర. కొత్త కనెక్షన్లన్నిటికీ 010 అనే ఉమ్మడి అంకెలు ఇవ్వడంతో 011 హోదా కూడా మెల్లగా కరిగింది. అయినా పాత అంకెలను పట్టుకుని కూర్చున్నవాళ్లు చాలామంది ఉండేవారు, ఎస్‌కే టెలికాం 2జీ సేవలను 2020లో మూసేదాకా ఆ గొడవ నడిచింది. బలవంతుడి దగ్గర మొదలుపెట్టాలన్న ఈ క్రమం పోర్టబిలిటీ అసలు లక్ష్యాన్ని ఇతర దేశాలకన్నా సూటిగా పట్టుకుంది.

భారతదేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 మార్చిలోనే దీన్ని సిఫార్సు చేసింది. నియమావళి 2009 సెప్టెంబర్‌లో వచ్చింది. గడువులు పలుమార్లు జరిగాక 2010 నవంబర్ 25న హర్యానాలో ప్రయోగాత్మకంగా మొదలై, రెండు నెలల్లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా దేశమంతటికీ వచ్చింది. అప్పటికీ అది సగం హక్కే. సర్కిల్ లోపల కంపెనీ మారవచ్చు గాని సర్కిల్ దాటి నెంబరు తీసుకుపోవడానికి లేదు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్లిన మనిషి రోమింగ్ చార్జీలు కట్టుకుంటూ పాత నెంబరు ఉంచుకోవాలి, లేదా కొత్త నెంబరు తీసుకుని తెలిసినవాళ్లందరికీ పంపాలి. ఆ గోడ 2015 జూలై 3న తొలగింది. ఇక్కడ తెలుగువారికి సంబంధించిన చిన్న విశేషం ఒకటుంది. 2014లో రాష్ట్రం రెండైనా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. అందుకే హైదరాబాద్ నుంచి విజయవాడకు మారినవాళ్లకు ఈ గోడ ఎన్నడూ అడ్డు రాలేదు. తొలి సంవత్సరాల ట్రాయ్ నివేదికల్లో దక్షిణ, తూర్పు రాష్ట్రాల పోర్టింగ్ మండలంలో పోర్టింగ్ అభ్యర్థనలు ఎక్కువగా వచ్చిన సర్కిళ్లు కర్ణాటక, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్.

పోర్టింగ్ జరిగే తీరును కొంచెం దగ్గరగా చూద్దాం. వినియోగదారుడు PORT అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, తన పదంకెల నెంబరు చేర్చి 1900కు ఎస్ఎంఎస్ పంపుతాడు. జవాబుగా ఎనిమిది అక్షరాంకెల కోడ్ వస్తుంది, దాన్నే యూపీసీ అంటారు. ఆ కోడ్‌తో, ఆధార్‌తో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్తే కొత్త సిమ్ ఇస్తారు. మనసు మారితే 24 గంటల్లోపు అభ్యర్థన రద్దు చేసుకోవచ్చు. చివరి రోజున కొన్ని గంటలు పాత సిమ్‌లో సిగ్నల్ పోయి, కొత్త సిమ్‌లో వస్తుంది. చూడటానికి సులువైన పని. కానీ 2019 డిసెంబర్ దాకా ఆ ఎనిమిది అక్షరాంకెల కోడ్‌ను పుట్టించేది పాత కంపెనీయే. కోడ్ ఇచ్చేటప్పుడు వినియోగదారుడికి అర్హత ఉందో లేదో చూసేవారు కారు. అతను కొత్త సిమ్ కొని, కాగితాలిచ్చి, ఎదురుచూస్తున్న దశలో బాకీ ఉందనో, కంపెనీలో చేరి 90 రోజులు నిండలేదనో, కోడ్ సరిపోలలేదనో, గడువు దాటిందనో పాత కంపెనీ తిరస్కరించేది. ఒక్కో తప్పుడు తిరస్కరణకు 10,000 రూపాయల వరకు జరిమానా వేసే నిబంధన వచ్చినా, ఆ తిరస్కరణ తప్పని తేలడం ఎప్పటికి? అప్పటికి వినియోగదారుడు విసిగి ఊరుకుంటాడు.

2018 డిసెంబర్‌లో తెచ్చి ఏడాది తర్వాత 2019 డిసెంబర్ 16 నుంచి అమలు చేసిన పోర్టబిలిటీ నియమావళి ఏడో సవరణ ఈ వరసను తిరగేసింది. అర్హత పరీక్ష మొదటికి వచ్చింది. ఎస్ఎంఎస్ పంపిన క్షణంలోనే, కేంద్ర డేటాబేస్‌ను నడిపే పోర్టింగ్ సేవల సంస్థ పాత కంపెనీ కంప్యూటర్‌ను అడిగి, గడువు దాటిన బిల్లు ఉందా, 90 రోజులు అయ్యాయా, పేరు మార్పిడి దరఖాస్తు నడుస్తోందా, కోర్టు నిషేధం ఉందా అన్నవి చూసుకుని, అన్నీ సరిగా ఉంటేనే తానే కోడ్ పుట్టించి పంపుతుంది. కోడ్ చేతికి వచ్చిందంటే దారి దాదాపు తేలిపోయినట్టే. సర్కిల్ లోపలి పోర్టింగ్ మూడు పనిదినాలకు, సర్కిల్ దాటేది ఐదుకు దిగింది. కోడ్ చెల్లుబాటు మాత్రం చాలా సర్కిళ్లలో నాలుగు రోజులకు తగ్గింది, జమ్మూ కాశ్మీర్, అసోం, ఈశాన్య సర్కిళ్లలో 30 రోజులుగా ఉంది. సర్కిల్ లోపల కంపెనీ మారే హక్కు 2011లోనూ 2019లోనూ పుస్తకంలో ఒకటే. మారిందల్లా అడ్డు చెప్పే పని ఏ దశలో, ఎవరి ద్వారా జరగాలన్నది. ఆ మార్పు కోసం దేశం తొమ్మిదేళ్లు ఆగవలసి వచ్చింది.

అడ్డు ఎంత చిన్న సందులోంచి దూరగలదో 2021లో ఇంకోసారి తెలిసింది. కొన్ని తక్కువ ధర ప్రీపెయిడ్ ప్లాన్‌లలో ఎస్ఎంఎస్ సదుపాయం అసలు ఉండేది కాదు. పోర్ట్ కావాలంటే 1900కు ఎస్ఎంఎస్ పంపాలి, ఎస్ఎంఎస్ పంపాలంటే అంతకంటే ఖరీదైన రీఛార్జ్ చేయించుకోవాలి. అంటే వెళ్లిపోవడానికి కూడా పాత కంపెనీకే ముందు డబ్బు కట్టాలి. ప్లాన్ ఏదైనా, ఎంత చవకదైనా పోర్టింగ్ ఎస్ఎంఎస్‌ను వెళ్లనివ్వాల్సిందేనని ట్రాయ్ 2021 డిసెంబర్‌లో అన్ని కంపెనీలనూ ఆదేశించింది. అతి తక్కువ రీఛార్జ్ చేసుకునేవాళ్లు ఎవరన్నది చెప్పనక్కర్లేదు. హక్కు అవసరం ఎవరికి ఎక్కువో, సరిగ్గా వాళ్ల దగ్గరే అది ఆగిపోయింది.

పాత కంపెనీ మీద ఆధారపడటంలోని ప్రమాదం, ఆ కంపెనీయే కూలిపోయినప్పుడు పూర్తిగా బయటపడుతుంది. 2017 చివర రిలయన్స్ కమ్యూనికేషన్స్ తన వాయిస్ సేవలను మూసేసింది. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలా పిటిషన్ వేసింది, దానికి బలమున్న తమిళనాడులో సిగ్నల్ పోయింది. నెంబరు కాపాడుకోవాలంటే ఎస్ఎంఎస్ పంపాలి, పంపడానికి టవర్ లేదు. ట్రాయ్ కల్పించుకుని, ఎస్ఎంఎస్‌తో పనిలేకుండా కోడ్ ఇచ్చే ఏర్పాట్లు చేయించి, పోర్టింగ్‌కు గడువు ఇప్పించాల్సి వచ్చింది. ఆ రెండు ఉదంతాల్లో లక్షల మందికి పాత నెంబర్లు దక్కాయి. పోర్టబిలిటీ అంటే పోటీ పెంచే సాధనం మాత్రమేనని అనుకునేవాళ్లు మరిచిపోయే సంగతి ఇది. మార్కెట్‌లో కంపెనీలు కూలడం కూడా పోటీలో భాగమే, వాటితో పాటు జనం నెంబర్లు మట్టికొట్టుకుపోకుండా ఆపింది ఈ నిబంధనే.

ఇక ఈ విధానం మీద వచ్చే అభ్యంతరాలు. మొదటిది, దేశంలో రేట్లు తగ్గింది దీనివల్ల కాదన్నది. ఇది నిజమే, ఒప్పుకోవాలి. టాటా డొకోమో సెకను లెక్కన చార్జీలు మొదలుపెట్టింది 2009లో. పోర్టబిలిటీ వచ్చే నాటికే కాల్ రేట్లు నేల తాకాయి. డేటా రేట్లు పడిపోయింది 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక. కాబట్టి ధరల పతనం ఖాతాలో దీన్ని వేసుకోవడం అతిశయోక్తి. అయితే ఇతర కారణాలను విడదీసి చూసే వీలున్న చోట పరిశోధనలు ఏం చెప్పాయి? అమెరికాలో 800 నెంబర్లు వదులయ్యాక ఏటీ అండ్ టీ, ఎంసీఐ కంపెనీలు రేట్లు తగ్గించాయని బ్రయన్ వియార్డ్ 2007లో చూపించారు. అక్కడే 2003 తర్వాత మొబైల్ ప్లాన్‌లను పరిశీలించిన మింజుంగ్ పార్క్, తక్కువ నిమిషాల ప్లాన్‌లలో తగ్గుదల ఒక శాతం లోపే ఉందని, ఎక్కువ నిమిషాల ప్లాన్‌లలో దాదాపు 7 శాతం ఉందని తేల్చారు. ఎక్కువ మాట్లాడేవాళ్లకు నెంబరు విలువైనది, వాళ్లే ఇన్నాళ్లూ కట్టుబడి ఉన్నారు, కట్టు తెగగానే కంపెనీలు వాళ్లకే ఎక్కువ తగ్గించాయి. అనేక దేశాలను పోల్చిన షాన్ లయన్స్ అధ్యయనం (2006) మన వాదానికి అన్నిటికన్నా దగ్గరిది. పోర్టింగ్ త్వరగా, అంటే ఐదు రోజుల లోపు ముగిసే చోటనే ధరల మీద, కంపెనీలు మారేవాళ్ల సంఖ్య మీద ప్రభావం కనిపించింది. చట్టం ఉందా లేదా అన్నదానికంటే ఎన్ని రోజులు పడుతుందన్నది ఎక్కువ తేడా చూపిందన్నమాట.

రెండో అభ్యంతరం, జేబులో రెండు సిమ్‌ల ఫోన్ ఉన్న దేశంలో దీనితో పనేమిటన్నది. పాత నెంబరు ఇన్‌కమింగ్‌కు ఉంచుకుని, కొత్త సిమ్‌లో చవక ప్లాన్ వాడుకోవడం మనవాళ్లు పోర్టబిలిటీ రాకముందే నేర్చిన ఉపాయం. అది ఇన్‌కమింగ్ ఉచితంగా, ఏళ్లకు ఏళ్లు వ్యాలిడిటీతో ఉన్న రోజుల్లో నడిచింది. ఇప్పుడు సిమ్ బతికుండాలంటే నెలనెలా రీఛార్జ్ కావాలి, రెండో సిమ్ రెండో బిల్లే. పైగా 2011లో నెంబరు అంటే జనం మనల్ని పిలిచే అంకెలు మాత్రమే. ఇప్పుడు ఆధార్, బ్యాంకు ఓటీపీ, యూపీఐ, వాట్సాప్, గ్యాస్ బుకింగ్ అన్నీ దాన్ని పట్టుకుని ఉన్నాయి. నెంబరు వదులుకోవడానికి అయ్యే ఖర్చు పెరిగిన కొద్దీ, నెంబరు వదులుకోకుండా మారే హక్కు విలువా పెరుగుతుంది. దేశంలో పోర్టింగ్ అభ్యర్థనల మొత్తం 2024లో 100 కోట్లు దాటింది. ఇది మనుషుల లెక్క కాదు, ఒకరే నాలుగైదు సార్లు మారి ఉండవచ్చు. అయినా నెలకు కోటికి పైగా అభ్యర్థనలు వచ్చే సదుపాయాన్ని అక్కరలేనిదని కొట్టిపారేయలేం. 2024 జూలై మొదట్లో మూడు ప్రైవేటు కంపెనీలు ఒక్కసారిగా రేట్లు పెంచినప్పుడు, ఆ నెలలో మూడూ వినియోగదారులను పోగొట్టుకున్నాయి, బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షల మంది పెరిగారు. అందులో కొత్త సిమ్‌లు కొన్నవాళ్లూ ఉంటారు గాని, కోపం వచ్చిన వినియోగదారుడికి వెళ్లే దారి ఉందన్నది నిజం.

మూడో అభ్యంతరం ఆర్థికవేత్తల నుంచి వచ్చింది, కాస్త లోతైనది. హాంకాంగ్ అనుభవాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం, పోర్టబిలిటీ తర్వాత మార్కెట్ ఇంకా పెద్ద కంపెనీల వైపే ఒరిగిందని చెప్పింది. మారడం సులువైతే జనం పెద్ద నెట్‌వర్క్‌కే వెళ్తారు, సొంత నెట్‌వర్క్ లోపలి కాల్స్ చవక కాబట్టి. అంకెలు చూసి కంపెనీని గుర్తుపట్టే వీలు పోతే, కాల్ ఖర్చు ఎంతవుతుందో తెలియక వినియోగదారుడు నష్టపోతాడని బ్యూలర్, హౌకాప్ అనే ఇద్దరు 2004లో వాదించారు. ఈ రెండు వాదాలకూ వేరు ఒకటే: వేరే నెట్‌వర్క్‌కు చేసే కాల్‌కు వేరే రేటు ఉండటం. మన దేశంలో ఒక కంపెనీ ఇంకో కంపెనీకి చెల్లించే కాల్ ముగింపు చార్జీ 2017లో 14 పైసల నుంచి 6 పైసలకు దిగి, 2021 జనవరి 1న సున్నా అయింది. ఏ నెట్‌వర్క్‌కైనా అపరిమిత కాల్స్ ఉన్నప్పుడు 9848కీ 9849కీ తేడా చూడాల్సిన పని లేదు. ఆ అంకెలకు పాత అర్థమూ మిగల్లేదు: ఐడియా, వొడాఫోన్ 2018లో కలిసిపోయాయి, టాటా మొబైల్ వ్యాపారం 2019లో ఎయిర్‌టెల్‌కు చేరింది. అయితే ఈ అభ్యంతరంలో ఒక నిజం మిగిలే ఉంది. కంపెనీలు నాలుగుకు తగ్గిన మార్కెట్‌లో పోర్టబిలిటీ కొత్త కంపెనీని సృష్టించలేదు. ఉన్న వాటి మధ్య కదలికను మాత్రమే కాపాడగలదు.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పోర్టింగ్ నిర్వహణకు దేశాన్ని రెండు మండలాలు చేసి ఒక్కోదాన్ని ఒక్కో సంస్థకు అప్పగించారు, ఉత్తర-పశ్చిమాలు సినివర్స్‌కు, మన రాష్ట్రాలున్న దక్షిణ-తూర్పులు ఎంఎన్‌పీ ఇంటర్‌కనెక్షన్ అనే సంస్థకు. ఒక్కో పోర్టింగ్‌కు 19 రూపాయలుగా మొదలైన చార్జీని 2018లో ట్రాయ్ 4 రూపాయలకు కోసింది, 2019లో ఢిల్లీ హైకోర్టు ఆ కోతను కొట్టేసింది, అదే ఏడాది నవంబర్ నుంచి 6 రూపాయల 46 పైసలైంది. ఈ చార్జీ కట్టేది కొత్త కంపెనీ. ఇంత పెద్ద వ్యవస్థకు మనిషికి టీ ఖర్చు కూడా కాదు.

వెళ్లిపోతానన్న వినియోగదారుడికి పాత కంపెనీ ఫోన్ చేసి ప్రత్యేక ఆఫర్ ఇస్తే అది అతనికి లాభమే గదా, పాత కంపెనీని ప్రక్రియ నుంచి పూర్తిగా తప్పించడం ఎందుకన్నది ఇంకో ప్రశ్న. ఆ ఆఫర్ బెదిరించినవాడికే దక్కుతుంది, నోరెత్తకుండా ఏళ్లుగా కట్టేవాడు పాత రేటే కడతాడు. మారడానికి ఖర్చు ఉన్న మార్కెట్లలో కంపెనీలు కొత్తవాళ్లను తక్కువ ధరతో లాగి, చిక్కినవాళ్ల దగ్గర వసూలు చేస్తాయని పాల్ క్లెంపరర్ అనే ఆర్థికవేత్త 1980లలోనే వివరించారు. పోనివ్వకుండా బతిమాలే ఆఫర్ దాని తమ్ముడే. బ్రిటన్‌లో ఇరవై ఏళ్లపాటు కోడ్ కోసం పాత కంపెనీకి ఫోన్ చేసి, వాళ్ల మాటలన్నీ వినాల్సి వచ్చేది. 2019 జూలై నుంచి 65075కు ఎస్ఎంఎస్ పంపితే చాలు, మాట్లాడాల్సిన పని లేదు. జపాన్ 2006లోనే పోర్టబిలిటీ తెచ్చినా, వెళ్లేవాళ్ల దగ్గర పాత కంపెనీలు వేల యెన్‌లు వసూలు చేసే పద్ధతి 2021 దాకా సాగింది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మోసాలది. దొంగ పత్రాలతో ఒకరి సిమ్‌ను మార్పించుకుని, వెంటనే దాన్ని వేరే కంపెనీకి పోర్ట్ చేసి, అసలు మనిషి తేరుకునే లోపు ఓటీపీలతో బ్యాంకు ఖాతా ఖాళీ చేసిన కేసులు ఎన్నో ఉన్నాయి. అమెరికాలోనూ ఇదే తంతు, 2023 నవంబర్‌లో అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ దీనిపై ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వేగమే ప్రాణమని ఇంతసేపూ చెప్పిన వాదానికి ఇది నిజంగానే ఎదురుదెబ్బ. వేగం దొంగకూ పనికొస్తుంది. దీనికి జవాబుగా పాత కంపెనీకి మళ్లీ ఆపే అధికారం ఇవ్వాలనేవాళ్లు ఉన్నారు. కానీ మోసం జరిగేది పోర్టింగ్ డేటాబేస్‌లో కాదు, గుర్తింపు సరిగా చూడకుండా సిమ్ ఇచ్చే కౌంటర్ దగ్గర. ట్రాయ్ తొమ్మిదో సవరణ ఆ తేడాను పట్టుకుంది. 2024 జూలై 1 నుంచి, సిమ్ మార్పిడి జరిగిన ఏడు రోజుల దాకా ఆ నెంబరుకు యూపీసీ రాదు. పోయిన ఫోనుకు బదులు కొత్త సిమ్ తీసుకున్న నిజాయితీపరుడికి వారం ఆలస్యం తప్పదు, అది నష్టమే. కానీ సిమ్ మార్చుకోని కోట్ల మందికి మాత్రం వేగం తగ్గలేదు, ఆపే నిర్ణయం కూడా తారీఖు చూసి యంత్రం తీసుకునేదే తప్ప పాత కంపెనీ ఇష్టానికి వదిలింది కాదు. ప్రమాదం ఎక్కడుందో అక్కడే అడ్డు పెట్టాలన్న లెక్కకు ఇది నిలుస్తుంది. 90 రోజుల నిబంధనకు మాత్రం అలాంటి సమర్థన బలహీనంగా ఉంది. ఇంట్లో సిగ్నల్ రాదని మొదటి వారంలోనే తెలిసిన వినియోగదారుణ్ని మూడు నెలలు ఆపడం ఎవరిని కాపాడుతున్నట్టు?

పోర్టబిలిటీ మోసుకెళ్లేది అంకెలను మాత్రమే. ప్రీపెయిడ్ ఖాతాలో మిగిలిన డబ్బు, వ్యాలిడిటీ పాత కంపెనీ దగ్గరే పోతాయి. జపాన్‌లో కంపెనీ పేరుతో ఇచ్చే ఈమెయిల్ చిరునామాలే అసలు సంకెళ్లుగా మిగిలాయి, వాటిని కూడా కొంత నెలవారీ రుసుముతో ఉంచుకునే వీలు 2021 డిసెంబర్‌లో గాని రాలేదు. మన దేశంలో ఈ సూత్రం వేరే రంగాలకు కొంత పాకింది. ఆరోగ్య బీమా పాలసీని 2011 అక్టోబర్ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకోవచ్చు. బ్యాంకు ఖాతా నెంబరును కూడా అలా తీసుకుపోగలగాలని రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్‌గా ఉన్న ఎస్.ఎస్. ముంద్రా 2017లో అన్నారు గాని, ఆ మాట మాటగానే ఉంది. విడ్డూరమేమిటంటే టెలికాంలోనే ఒక పెద్ద ఖాళీ ఉంది: ల్యాండ్‌లైన్ నెంబర్లకు భారతదేశంలో పోర్టబిలిటీ లేదు. ముప్ఫై ఏళ్లుగా ఒకే నెంబరుతో నడిచే నర్సింగ్ హోమ్, హోటల్, స్కూలు పాత తీగ వదిలి వేరే కంపెనీ ఫైబర్ పెట్టించుకుంటే, ఉన్న చోటు నుంచి అంగుళం కదలకపోయినా కొత్త నెంబరు తీసుకుని బోర్డులన్నీ మళ్లీ రాయించుకోవాల్సిందే.